ఇంటి లాన్‌కు కూర్చుని నడిపే గడ్డి కోసే మిషన్: కొనేముందు

ముందు స్థలం కొలవండి. కడప, అనంతపురం టౌన్లలో అయిదు, పది సెంట్ల ఇంటికి కూర్చుని నడిపే మిషన్ అక్కర్లేదు, తోసే మిషన్ చాలు. ఊరి బయట ఇల్లు కట్టుకుని నలభై, యాభై సెంట్లలో గడ్డి పెంచేవాళ్లకే ఇది పనికొస్తుంది.

అంత స్థలానికి 30 అంగుళాల డెక్ (బ్లేడు తిరిగే కింది భాగం) సరిపోతుంది. 42 అంగుళాలది పని త్వరగా తెముల్చుతుంది గానీ కొబ్బరి చెట్ల మధ్య తిరగదు. డెక్ పక్కన గడ్డి చిమ్మే మూత బయటికి పొడుచుకొస్తుంది. అందుకే మొత్తం వెడల్పు అడిగి, గేటు కొలతతో పోల్చుకోండి. మలుపు వ్యాసార్థం, అంటే ఎంత చోటులో మిషన్ మలుపు తిరుగుతుందో కూడా అడగండి.

మన నేలలో అసలు చిక్కు రాళ్లు. కంకర రాయి తగిలితే బ్లేడు వంగుతుంది, మిషన్ అదురుతుంది; రాయి ఎగిరి పిల్లలకు తగలొచ్చు. కోసేముందు నేలంతా ఏరాల్సిందే. ఎత్తు మార్చే లీవరు ఉన్నదే తీసుకోండి: గరికజాతి గడ్డిని రెండంగుళాల దగ్గర ఉంచి, ఒక్కసారికి మూడో వంతుకు మించి కోయకండి. ఎండాకాలంలో ఇంకాస్త ఎత్తుగా వదలండి, లేకుంటే వేర్లు మాడతాయి.

దుమ్ముకు ఎయిర్ ఫిల్టర్ త్వరగా మూసుకుపోతుంది. చేత్తో విప్పగలిగేలా ఉందో లేదో చూడండి. బ్లేడు, బెల్టు కర్నూలులోనైనా దొరుకుతాయా? దొరక్కపోతే ఆ మోడల్ వద్దు.

షాపులోనే బ్లేడు తిప్పించి, సీటు మీంచి లేవండి. బ్లేడు కొన్ని క్షణాల్లో దానంతటదే ఆగకపోతే కొనకండి.