‘కల్లు’ ఎన్ని మాటలు? ఒక చిన్న పదం మూలాలను విడదీసి చూసే పద్ధతి

విశాఖపట్నంలో మేముండే అపార్ట్‌మెంట్‌లో ఎదురింటికి కొత్తగా వచ్చిన తమిళ కోడలు ఒకనాటి ఉదయం మా అమ్మ దగ్గరికి వచ్చి, ‘ఆంటీ, మీ దోసెక్కల్ ఒకసారి ఇస్తారా?’ అని అడిగింది. మా అమ్మ తెల్లబోయి, ‘దోసెల్లోకి కల్లేంటమ్మా?’ అంది. ఆ అమ్మాయి అడిగింది దోసెల పెనం. తమిళంలో ‘కల్’ అంటే రాయి. పెనం ఇనుముదైనా పేరులో రాయి అలాగే నిలిచిపోయింది. మా అమ్మ సందేహాన్ని కూడా కొట్టిపారేయలేము, ఎందుకంటే కేరళలో అప్పాల పిండి పొంగడానికి కల్లు కలిపే అలవాటు ఉన్నది. చెవికి ఒక్కటిగా వినిపించే ఇటువంటి మాటలను విడదీయడానికి పాండిత్యం కంటే ఓపిక ఎక్కువ అవసరం. ఆ పని ఎలా చేయాలో ఈ ‘కల్లు’ మీదనే చూపుతాను.

మొట్టమొదట మాటను పలికినది పలికినట్టు రాసుకోవాలి. అచ్చు పొట్టిదా, పొడుగుదా, హల్లు ఒకటా, జంటా, అది లకారమా, ళకారమా అన్నవి తప్పకుండా గుర్తించాలి. తెలుగులోనే కల్లు తాగేది, కళ్ళు చూసేవి, కల్ల అబద్ధం, కల నిద్రలో వచ్చేది. ఇక్కడ అజాగ్రత్తగా ఉంటే తరువాత చేసేదంతా వృథా.

తరువాత సోదర భాషలను అడగాలి. నా దృష్టిలో మొత్తం పనికి ఇదే గుండెకాయ. కన్నడంలో రాయి ‘కల్లు’, తాగేది ‘కళ్ళు’. తమిళంలో రాయి ‘కల్’, తాగేది ‘కళ్’. మలయాళంలోనూ ఇదే తేడా. మూడు భాషలూ ఏకకంఠంతో రాయికి లకారాన్నీ, తాగేదానికి ళకారాన్నీ చూపుతున్నప్పుడు, ఇవి మొదటి నుంచి రెండు వేరు వేరు మాటలనీ, తెలుగులో పాత ళకారం లకారంలో కలిసిపోవడం వల్లనే ఒక్క రూపంలోకి వచ్చాయనీ తేలుతుంది. మరి మన ‘కళ్ళు’ సంగతేమిటి? అది ‘కన్ను’కు బహువచనం. ‘కండ్లు’ అన్న రూపాన్ని పక్కన పెట్టి చూస్తే, ‘ండ్ల’ అన్న చిక్కటి పలుకు నాలుక మీద కరిగి ‘ళ్ళ’ అయిన తీరు కనబడుతుంది. తమిళంలో ఇది ‘కణ్’, కన్నడంలో ‘కణ్ణు’. అంటే అసలు ళకారం ఉన్న మాట దానిని పోగొట్టుకున్నది, ఎన్నడూ లేని మాట దానిని సంపాదించుకున్నది! అందుచేత నేటి అక్షరాన్ని ఒక్కదానినే నమ్ముకొని మూలం చెప్పకూడదు. ‘కల్ల’ను కూడా ఇదే విధంగా పరీక్షిస్తే, కన్నడంలో దొంగ అన్న అర్థంలో ఉన్న ‘కళ్ళ’, తమిళంలో అదే అర్థంలో ఉన్న ‘కళ్ళన్’ దానికి చుట్టాలని తెలుస్తుంది.

అర్థం వాడుకలోంచి తప్పుకున్నా సమాసాల్లోనూ ఊరి పేర్లలోనూ దాక్కొని ఉంటుంది కనుక అక్కడ కూడా వెదకాలి. రాయిని మనం ‘కల్లు’ అని పిలవడం మానేశాము గాని, పెళ్లిలో వధువు చేత సన్నికల్లు తొక్కించి మెట్టెలు తొడిగేటప్పుడు ఆ పాత మాటనే పలుకుతున్నాము. ఓరుగల్లులో కకారం గకారమై ఉన్నది అదే రాయి. ఆ నగరానికి ఏకశిలానగరం అన్న సంస్కృత నామం దీనికి చక్కని సాక్ష్యం.

తెలుగు, తమిళ, కన్నడ, మలయాళాలున్న ద్రావిడ కుటుంబానికి బయటి భాషల దగ్గర మాత్రం అనుమానంతో మొదలుపెట్టాలి. ఉక్కునగరంలోనో, నేవీ క్వార్టర్లలోనో హిందీ మాట్లాడేవారు ‘కల్’ అంటే నిన్నా కావచ్చు, రేపూ కావచ్చు. ‘కల్ ఆయా థా’ అంటే నిన్న, ‘కల్ ఆయేగా’ అంటే రేపు అని క్రియే తేల్చి చెబుతుంది. దాని మూలం వేకువ అన్న అర్థం గల సంస్కృత ‘కల్య’ శబ్దం. రాయితో గాని తాటిచెట్టుతో గాని దానికి పొత్తు లేదు. మనం రోజూ ఫోన్‌లో చేసే ‘కాల్’ ఇంగ్లీషులోకి స్కాండినేవియాలో పూర్వం పలికిన పాత నార్స్ భాష నుంచి వచ్చింది, అక్కడ దాని రూపం ‘కల్లా’, అర్థం పిలవడం. మన ‘కల్ల’తో అచ్చుగుద్దినట్టున్నదని చుట్టరికం కలిపితే అదే పెద్ద కల్ల అవుతుంది.

చివరగా నిఘంటువులు తెరవాలి. తెలుగు అర్థాలకు 1885 నాటి శబ్దరత్నాకరం, ద్రావిడ మూలాలకు బర్రో, ఎమెనో కలిసి 1961లో వెలువరించి 1984లో సవరించిన వ్యుత్పత్తి నిఘంటువు, హిందీ మాటలకు టర్నర్ కూర్చిన ఇండో-ఆర్యన్ భాషల తులనాత్మక నిఘంటువు చూడాలి. నగరంలో ఉన్నవారు ఆంధ్ర విశ్వవిద్యాలయంలోని వి.ఎస్. కృష్ణా గ్రంథాలయంలో వీటిని అడిగి చూడవచ్చు. ద్రావిడ నిఘంటువును చికాగో విశ్వవిద్యాలయం అంతర్జాలంలో ఉచితంగా అందిస్తున్నది. అందులో ఆరోపాలు, అంటే వివరణ కోసం ఎత్తి రాసిన మాటలు, తమిళ రూపాల వరుసలో ఉంటాయి కనుక ‘కల్లు’ కోసం కాక ‘కల్’, ‘కళ్’ రెంటి కోసం విడివిడిగా వెదకాలి. రెండూ వేరు ఆరోపాలుగా కనిపిస్తే మీ లెక్క సరిపోయినట్టే. ఒకే ఆరోపం కింద కనిపిస్తే, మొదట రాసుకున్న పలుకుబడిలో ఎక్కడ పొరబడ్డారో మళ్ళీ చూసుకోవాలి.