సంచి జంతువు పాదం చూసి దాని పరిణామాన్ని చదవడం ఎలా?

కంగారూ, కోవాలా, వాంబాట్ వంటి సంచి జంతువుల (పిల్లలను పొట్టమీది సంచిలో పెంచేవాటి) శరీరాలు ఎలా రూపుదిద్దుకున్నాయో తెలుసుకోవాలనుకునేవారు సాధారణంగా సంచితోనే మొదలుపెడతారు. ముందుగా వెనక పాదాన్ని చూడమని నా సలహా, ఎందుకంటే వాటి పాత చరిత్ర అక్కడే ఎక్కువగా మిగిలి ఉంది.

అందుకు కావలసిన చూపును హైదరాబాదులోనే అలవరచుకోవచ్చు. వేపచెట్టు మీంచి తలకిందులుగా దిగే ఉడుత తన వెనక పాదాలను వెనక్కి తిప్పి, గోళ్లను బెరడులో దించుతుంది. పాతబస్తీలో పాయా కోసం కొన్న మేక కాలును చేతిలోకి తీసుకుంటే, రెండు గిట్టలూ వాటిపైన ఒకే పొడవాటి ఎముకా కనిపిస్తాయి. మొదటిది చెట్టును పట్టుకునే పాదం, రెండవది నేలమీద పరుగెత్తే పాదం.

ఇప్పుడు స్పష్టమైన కంగారూ పాదం ఫొటోను ముందు పెట్టుకోండి. నాలుగో వేలు అన్నిటికన్నా పొడవుగా, బలంగా ఉంటుంది. గెంతేటప్పుడు బరువంతా ముఖ్యంగా దానిమీదే పడుతుంది. బొటనవేలు లేదు. రెండో, మూడో వేళ్లు సన్నబడి, ఒకే చర్మపు తొడుగులో ఇమిడి, కొసన మాత్రం రెండు గోళ్లతో ఉంటాయి. కంగారూ వాటితో బొచ్చు దువ్వుకుంటుంది. తరువాత కోవాలా పాదం చూడండి. అక్కడా అదే జంటవేలు ఉంటుంది, కానీ దాని పక్కన కొమ్మను ఒడిసిపట్టే, గోరులేని బొటనవేలు కూడా ఉంటుంది. నేలమీది కంగారూకూ చెట్టుమీది కోవాలాకూ మధ్య ఉన్న ఇలాంటి పోలికల ఆధారంగానే బెల్జియం శాస్త్రవేత్త లూయీ డొల్లో 1899లో ఈ జంతువుల పూర్వీకులు చెట్లమీద బతికినవని వాదించారు. ఆస్ట్రేలియా ఎండబారి, అడవులు తగ్గి గడ్డిమైదానాలు పెరిగిన కొద్దీ, నేలమీది కంగారూలకు గెంతడం బాగా కలిసివచ్చింది. క్వీన్స్‌లాండ్ వర్షారణ్యాల్లో ఉండే, కంగారూల చిన్న చుట్టమైన మస్కీ రాట్ కంగారూకు మాత్రం బొటనవేలు నేటికీ ఉంది.

చెట్టు కంగారూ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగండి. నేలమీది కంగారూల నుంచి పుట్టి మళ్లీ చెట్లెక్కిన ఈ జంతువుకు పోయిన బొటనవేలు తిరిగి రాలేదు. దానికి బదులుగా ముందుకాళ్లు బలపడ్డాయి, వెనక పాదాలు పొట్టిగా, వెడల్పుగా మారాయి, అరికాళ్లు గరుకెక్కాయి.

సంచిని చివర చూడండి. నేల తవ్వే వాంబాట్‌కు సంచి నోరు వెనక్కి ఉంటుంది కనుక లోపలి పిల్లమీద మట్టి పడదు. చెట్టుమీద ఉండే కోవాలా సంచి కూడా కంగారూ సంచిలా పైకి తెరుచుకోదు. దీన్ని చెట్టు జీవితంతో ముడిపెట్టే ముందు, కోవాలాకు నేడు బతికున్న వాటిలో అతి దగ్గరి చుట్టం వాంబాటేనని గుర్తుంచుకోండి; ఆ సంచి తీరు రెండింటి ఉమ్మడి పూర్వీకుల నుంచి వచ్చినదీ కావచ్చు.