పరదేశంలో ఒంటరి సైకిల్ యాత్ర – 5వ పాఠం: హై వాన్ కనుమ దాటే రోజు

సైకిల్ విప్పి పెట్టెలో సర్దడం, దిగాక మళ్లీ బిగించడం పోయిన పాఠంలో చూశాం. ఈసారి ఒక పూర్తి రోజు: వియత్నాంలో హుయే నుంచి డానాంగ్‌కు, సుమారు 100 కి.మీ. మధ్యలో 496 మీటర్ల ఎత్తున హై వాన్ కనుమ. 2005లో కొండ కింద సొరంగం తెరిచాక లారీలు చాలావరకు అటు మళ్లాయి. సొరంగంలోకి సైకిల్ రానివ్వరు కాబట్టి మనది పాత కనుమ దారే. అక్టోబరు, నవంబరుల్లో అక్కడ కుండపోత వానలు. మార్చి, ఏప్రిల్ నయం.

రోజును సాయంత్రం నుంచి వెనక్కి లెక్కేయండి. తోడు లేనివాళ్లు నాలుగింటికే గది చేరేలా వేసుకోవాలి. దారిలో ఏం చెడినా బాగుచేసుకోవడానికి రెండు గంటల వెలుతురు చేతిలో ఉంటుంది. సామానుతో చదును రోడ్డు మీద గంటకు 16–18 కి.మీ., ఎక్కుడులో 6–7. కనుమ కింద ఉన్న ఊరు లాంగ్ కో నుంచి పైకి దాదాపు 10 కి.మీ., అంటే గంటన్నర. ఈ లెక్కకు మధ్యలో ఆగే సమయం కూడా కలిపితే, హుయేలో ఉదయం 5:30కే కదలాలి. ఎండలు ముదిరిన నెలల్లో ఇది కుదరదు. రాత్రి లాంగ్ కోలో ఆగి తెల్లవారుతూనే ఎక్కండి. నీళ్లు గంటకు ముప్పావు లీటరు. దాహం వేసేదాకా ఆగొద్దు.

అక్కడ బండ్లు రోడ్డుకు కుడివైపు నడుస్తాయి. బెంజి సర్కిల్ దాటడం అలవాటైన మనకు రద్దీకన్నా ఖాళీ రోడ్డే ప్రమాదం. రద్దీలో ముందు బండి దారి చూపిస్తుంది. టీ తాగి ఖాళీ రోడ్డెక్కితే చెయ్యి తనంతట ఎడమకే తిప్పుతుంది. అందుకే ఆగిన ప్రతిసారీ సైకిల్‌ని కుడి అంచునే, వెళ్లాల్సిన దిక్కుకు తిప్పి నిలపండి. అద్దం హ్యాండిల్‌కు ఎడమవైపు మార్చండి. ఎడమ మలుపుల్లో మొదటి రెండు రోజులూ దిగి, నడిపించుకుంటూ దాటండి.

అద్దె సైకిలైతే బ్రేకులు ముందే చూసుకోవాలి. మన దగ్గర సాధారణంగా కుడి లివర్ ముందు చక్రానిది. కుడివైపు నడిచే దేశాల్లో చాలా సైకిళ్లకు ఎడమది. దిగుడులో వెనక బ్రేకనుకుని ఎడమ లివర్ గట్టిగా నొక్కితే ముందుకు పల్టీ కొడతారు. ఒకే బ్రేకు పట్టుకుని దిగొద్దు, రిమ్ము కాలుతుంది. మలుపుకు ముందే రెండూ కలిపి నొక్కి, వేగం తగ్గాక వదిలేయండి.

బరువంతా వెనక వేస్తే వెనక చక్రానికి చెయిన్ వైపు స్పోకులు విరుగుతాయి. ఆ వైపు బిగువు ఎక్కువ. కొంత సామాను ముందు సంచుల్లోకి మార్చండి.

అంబులెన్సుకు 115. వియత్నాం సమయం మనకన్నా గంటన్నర ముందు. అక్కడ రాత్రి ఎనిమిదికి ఫోన్ చేస్తే ఇంట్లో ఆరున్నర. ఆ వేళ ముందే చెప్పి పెడితే, దాటినప్పుడు కంగారు పడాలో లేదో ఇంట్లోవాళ్లకు తెలుస్తుంది.

ఈ వారం సాధన: గుంటూరు నుంచి కొండవీడు ఘాట్ రోడ్డు, పూర్తి సామానుతో. ఎక్కుడులో వేగం 6 కి.మీ. కన్నా తగ్గితే సామాను తగ్గించండి, లేదా ముందు పళ్లచక్రం చిన్నది వేయించండి.