ఖడ్గాన్ని తుప్పు పట్టకుండా, చెయ్యి తెగకుండా చూసుకోవడం ఎలా?

ఖడ్గం ఉన్నవాళ్లందరికీ తుప్పంటే భయం. ఆ భయంతోనే కొందరు దాన్ని తోమి తోమి పాడుచేస్తారు. తుప్పు మచ్చను చాలాసార్లు ఆపొచ్చు గానీ, ఇసుక కాగితంతో రుద్దిన కత్తి మళ్లీ పాత రూపానికి రాదు. గాయాల సంగతీ అంతే. ఊపితేనే ప్రమాదం అనుకుంటాం. కానీ ఒరలోంచి తీసేటప్పుడు, తిరిగి పెట్టేటప్పుడు, తుడిచేటప్పుడు కూడా వేళ్లు తెగుతాయి. అందుకే ఇక్కడ పట్టుకోవడం ముందు, తుడవడం తర్వాత.

1. మీ దగ్గరున్నది ఏ రకమో తేల్చుకోండి

గోడకు అలంకారంగా పెట్టుకునే ఖడ్గాలు ఎక్కువగా స్టెయిన్‌లెస్ స్టీల్‌వి. ఇందులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటుంది కాబట్టి అంత తేలిగ్గా తుప్పు పట్టదు. అసలు ఇబ్బంది పిడి లోపల ఉంటుంది. చాలా వాటిలో అలుగు, అంటే కోసే లోహపు భాగం, పిడిలోకి పూర్తిగా దిగదు, ఒక సన్నని మేకులాంటి కడ్డీని అతికించి నట్టుతో బిగిస్తారు. అలాంటిదాన్ని ఊపితే అతుకు విరిగి అలుగు ఎగిరిపోవచ్చు. ఫొటో కోసం కూడా ఊపకండి.

సాధన కోసం చేసేవి సాధారణంగా కార్బన్ స్టీల్‌వి. గట్టిగా ఉంటాయి, పదును నిలుపుకుంటాయి. కానీ వేలిముద్ర పడినా తుప్పు మొదలవుతుంది. చెమటలోని ఉప్పు ఇనుము మీద తేమను పట్టి ఉంచుతుంది, గాలిలో తేమ ఎక్కువుంటే ఒక్క రాత్రిలోనే మచ్చ కనిపించొచ్చు.

మూడో రకం పాతవి, అంటే తాతముత్తాతల నుంచి వచ్చినవీ, పురాతన వస్తువుగా కొన్నవీ. వీటి విషయంలో ఒకటే సలహా: ఎంత తక్కువ చేస్తే అంత మంచిది. జపాన్ ఖడ్గాల్లో పిడి లోపల దాగి ఉండే భాగానికి పట్టిన తుప్పును చూసి నిపుణులు దాని వయసు అంచనా వేస్తారు. దాన్ని గీకేస్తే ఖడ్గం విలువ పడిపోతుంది. మూసలో కరిగించిన పాత ఉక్కు కత్తుల మీద నీటి అలల్లాంటి గీతలు కనిపిస్తాయి. గట్టిగా పాలిష్ చేస్తే అవి కంటికి కనిపించకుండా పోతాయి.

2. ఒరలోంచి తీయడం

ముందు చోటు చూసుకోండి. కత్తి పొడవుకు మీ చేయి పొడవు కలిపి, ఆ మేర చుట్టూ ఎవరూ ఉండకూడదు. పైన ఫ్యాను, పక్కన తలుపు కూడా చూడాలి. ఉంగరాలు, గడియారం తీసేయండి. అవి లోహానికి తగిలితే గీత పడుతుంది.

ఇప్పుడు పిడి గట్టిగా ఉందో లేదో చూడాలి. మొన పైకి ఉండేలా నిలువుగా పట్టుకుని, పిడి పట్టుకున్న పిడికిలి మీద రెండో చేత్తో మెల్లగా తట్టండి. టకటకమని చప్పుడొచ్చినా, అలుగు కదిలినట్టు అనిపించినా బాగుచేయించేదాకా దాన్ని వాడొద్దు. జపాన్ పద్ధతి ఖడ్గమైతే పిడిలో అలుగును పట్టి ఉంచేది ఒక చిన్న వెదురు చీల. అది ఎండి కుంచించుకుపోయిందా, చీలిందా అని ప్రతిసారీ చూడాల్సిందే. (ఈ పరీక్ష ఒర తీశాకే చేయగలం కాబట్టి, మొదటిసారి తీసేటప్పుడు మరింత నెమ్మది.)

ఒరను ఎలా పట్టుకుంటున్నారన్నది అన్నిటికన్నా ముఖ్యం. చెక్క ఒరను రెండు బద్దలు అతికించి చేస్తారు. పాతబడితే ఆ అతుకు విచ్చుకుంటుంది, కొన్నిసార్లు పైకి కనిపించదు. వేళ్లను ఒర చుట్టూ బిగించి పట్టుకుంటే, పదును ఆ సందులోంచి నేరుగా వేళ్ల మీదికి వస్తుంది. అందుకే పదునువైపు వేళ్లు లేకుండా, వెన్నువైపు నుంచీ పక్కల నుంచీ పట్టుకోండి. వంపు ఉన్న ఖడ్గమైతే పదును పైకి, వెన్ను కిందికి ఉంచి, వెన్ను ఒర లోపలి గోడ మీద జారేలా లాగండి. రెండంచుల నిటారు ఖడ్గాన్ని పక్కకు వంచకుండా సూటిగా లాగాలి. సగంలో ఆపి మాట్లాడటం, మెలితిప్పడం వద్దు.

తిరిగి పెట్టేటప్పుడు ఒర మూతినే చూస్తూ పెట్టండి. సినిమాల్లో చూడకుండా ఒరలో దించే వాళ్లు ఏళ్ల తరబడి సాధన చేసినవాళ్లయినా అయి ఉండాలి, చేతిలో మొద్దు కత్తి అయినా ఉండాలి.

3. ఇంకొకరి చేతికి ఇవ్వడం

వీలైతే బల్ల మీద పెట్టండి, వాళ్లే తీసుకుంటారు. చేతికే ఇవ్వాల్సి వస్తే ఖడ్గాన్ని నిలువుగా, పదును మీవైపు తిప్పి పట్టుకుని, పిడిలో కొంత చోటు వదలండి. వాళ్లు పట్టుకుని “పట్టుకున్నా” అని నోటితో చెప్పాకే వదలండి. కొంచెం అతిగా అనిపిస్తుంది, అయినా పాటించండి.

జారిపడుతున్న కత్తిని పట్టుకోబోవద్దు. ఒక అడుగు వెనక్కి వేసి పడనివ్వండి. కత్తికి నొక్కు పడితే సరిచేయించొచ్చు. ఈ ఒక్కటి మాత్రం ముందే మనసులో గట్టిగా అనుకోవాలి, ఎందుకంటే ఆ క్షణంలో చెయ్యి దానంతటదే ముందుకెళ్తుంది.

4. తుడవడం, నూనె రాయడం

కావాల్సినవి: మెత్తటి గుడ్డలు రెండు మూడు (మైక్రోఫైబర్ అయితే బాగుంటుంది), ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మినరల్ ఆయిల్, నైట్రైల్ గ్లౌజులు. నూలు గ్లౌజులు వేసుకుంటే పిడి జారుతుంది.

బల్ల మీద తువ్వాలు పరిచి కత్తిని అడ్డంగా పడుకోబెట్టండి. మొదట పొడి గుడ్డతో పాత నూనె, దుమ్ము తీసేయండి. తర్వాత ఆల్కహాల్‌తో కొద్దిగా తడిపిన గుడ్డతో తుడిస్తే మిగిలిన జిడ్డు పోతుంది. పిడి దగ్గర మొదలుపెట్టి మొన దాకా ఒకే దిశలో తుడవాలి, ముందుకూ వెనక్కూ రుద్దకూడదు. వేళ్లు వెన్నువైపే ఉండాలి. గుడ్డను అలుగు చుట్టూ మడిచి గుప్పిట్లో పట్టుకుని లాగడం చాలామందికి అలవాటు. పదునున్న ఖడ్గం దగ్గర ఆ పని అస్సలు చేయొద్దు. ఒక పక్క తుడిచి, తిప్పి, రెండో పక్క తుడవండి. ఆల్కహాల్ ఆరేదాకా కిటికీ తెరిచి ఉంచండి, దగ్గర్లో మంట ఉండకూడదు. చెక్క, లక్క, రంగు ఉన్నచోట ఆల్కహాల్ తగలనివ్వకండి.

అలుగు పూర్తిగా ఆరాక శుభ్రమైన గుడ్డ మీద రెండు మూడు చుక్కల నూనె వేసి పలుచగా పట్టించండి. వెలుతురులో చూస్తే కొద్దిగా మెరవాలి, అంతే. చుక్కలు కట్టాయంటే ఎక్కువైనట్టు. ఎక్కువైన నూనె ఒరలోకి దిగి దుమ్మును పట్టుకుంటుంది, ఆ దుమ్ము లాగిన ప్రతిసారీ గీతలు పెడుతుంది.

ఏ నూనె అన్నదానికి జవాబు సులభం. రంగు, వాసన లేని మినరల్ ఆయిల్ లేదా కుట్టు మిషన్ నూనె. జపాన్‌లో వాడే చోజి నూనె కూడా ఈ రోజుల్లో ఎక్కువగా మినరల్ ఆయిలే, వాసనకి కాస్త లవంగ నూనె కలుపుతారు. వంటనూనెలు వద్దు. అవి గాలి తగిలి జిగురవుతాయి. డబ్ల్యూడీ-40 లాంటి స్ప్రేలు నీటిని తరిమేయడానికి బాగుంటాయి గానీ, నెలల తరబడి కాపాడటానికి వాటి పైన ఆధారపడలేం. చాలాకాలం తాకకుండా ఉంచేవాటికి మైక్రోక్రిస్టలైన్ మైనం మంచిది. మ్యూజియంలలో కూడా దాన్ని వాడతారు.

జపాన్ ఖడ్గాలతో వచ్చే కిట్‌లో చిన్న కర్రకు గుండ్రటి మూట ఉంటుంది, తడితే తెల్లటి పొడి రాలుతుంది. అది సన్నటి రాతి పొడి. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది గానీ, తరచూ వాడితే పాలిష్ అరుగుతుంది. ఆల్కహాల్ ఉండగా దాని అవసరం నాకైతే కనిపించదు.

ఎన్నాళ్లకోసారి? చేత్తో తాకిన ప్రతిసారీ అదే రోజు తుడిచి నూనె రాయండి. తాకకపోతే రెండు మూడు నెలలకోసారి సరిపోతుంది, వానాకాలంలో నెలకోసారి చూడండి.

5. తుప్పు కనిపిస్తే

మీ ఖడ్గం పాతదైతే ఇక్కడే ఆగండి. నూనె రాసి, నిపుణుడికి చూపించండి. నల్లగా, గట్టిగా అతుక్కుని ఉన్న పొర చాలావరకు స్థిరంగా ఉంటుంది, దాన్ని కదపొద్దు. ఎర్రగా, పొడిలా రాలేదే ఇంకా తింటున్న తుప్పు.

కొత్త కార్బన్ స్టీల్ ఖడ్గం మీద చిన్న మచ్చ వస్తే నూనె వేసి ఒక రోజు వదిలేయండి. గుడ్డతో తుడిస్తే సగం పోతుంది. మిగిలినదాన్ని ఇత్తడి ముక్క అంచుతో మెల్లగా గీకండి. గట్టిపరిచిన ఉక్కు కన్నా ఇత్తడి మెత్తన కాబట్టి తుప్పు రాలుతుంది గానీ అలుగుకు గీత పడదు. అప్పటికీ పోకపోతే 0000 నంబరు స్టీల్ ఊలును (అతి సన్నటి ఉక్కు పీచు) నూనెలో తడిపి, అలుగు పొడవునా తేలిగ్గా రుద్దండి. దీంతో ఆ చోట మెరుపు కొద్దిగా మారుతుంది, తప్పదు. నిమ్మరసం, వెనిగర్ లాంటి పులుపు ఏదీ వద్దు. అవి తుప్పుతో పాటు ఉక్కునూ తింటాయి. గ్రైండర్ చక్రం మీద పెడితే పలుచటి అంచు క్షణాల్లో వేడెక్కుతుంది. నీలిరంగు తేలిందంటే అక్కడ దాదాపు 300 డిగ్రీల సెల్సియస్ దాటి ఉక్కు మెత్తబడిందని అర్థం.

6. ఎక్కడ, ఎలా ఉంచాలి

తోలు ఒరలో నెలల తరబడి వదిలేయకండి. తోలు తేమను పీల్చి పట్టి ఉంచుతుంది, పచ్చి చర్మాన్ని తోలుగా మార్చడానికి వాడిన రసాయనాలు అలుగును తింటాయి, ఇత్తడి భాగాలకు పచ్చటి చిలుము పడుతుంది. తోలు ఒర బయటికి తీసుకెళ్లేటప్పటికే. ఇంట్లో కత్తిని విడిగా, నూనె రాసిన గుడ్డ మీద పెట్టెలో పెట్టండి. సరిగ్గా కుదిరిన పొడి చెక్క ఒర అయితే పర్లేదు.

గదిలో తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే ఉక్కుకూ, చెక్కకూ రెండింటికీ బాగుంటుంది. మరీ పొడిగా ఉంటే చెక్క పగులుతుంది. పెట్టెలో సిలికా జెల్ సంచులు వేసి, తేమ కొలిచే చిన్న మీటరు పెడితే ఊహించుకోనక్కర్లేదు. బయటి గోడకు తగిలించొద్దు, ఎండ పడేచోట పెట్టొద్దు. తల్వార్లలో అలుగును లోహపు పిడిలో లక్క లాంటి జిగురుతో అతికిస్తారు. ఎండకో, వేడినీళ్లకో అది మెత్తబడితే పిడి ఊడిపోతుంది.

పిల్లలున్న ఇంట్లో తాళం తప్పనిసరి. గోడమీద ఎత్తులో ఉంది కదా అనుకోకండి, కుర్చీ ఉంటే చాలు.

బయటికి తీసుకెళ్లాలంటే ఒరను పిడికి గట్టిగా కట్టి, గట్టి పెట్టెలో పెట్టి మూయండి. బయల్దేరేముందు అక్కడి ఆయుధాల చట్టం చూసుకోండి. ఖడ్గం ఇంట్లో ఉంచుకోవడానికి ఒక నియమం, దారిలో తీసుకెళ్లడానికి ఇంకో నియమం ఉండే చోట్లు ఉన్నాయి. విమానంలో చేతి సామానులో అనుమతించరు.

చెయ్యి తెగితే కత్తిని ముందు కింద పెట్టి, శుభ్రమైన గుడ్డతో గాయాన్ని గట్టిగా అదిమి చేతిని గుండె కన్నా ఎత్తులో ఉంచండి. పది నిమిషాలు అదిమినా రక్తం ఆగకపోయినా, వేలు కదలకపోయినా, తిమ్మిరిగా ఉన్నా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. మీ ధనుర్వాతం టీకా ఎప్పటిదో కూడా అక్కడ చెప్పండి. ఖడ్గాన్ని ఇంటికొచ్చాక తుడవొచ్చు, కాకపోతే ఆలస్యం చేయకండి, రక్తంలోనూ ఉప్పు ఉంటుంది.