అరకు దారిలో అడవి ఆర్కిడ్లు వెతకడం ఎలా?

ఆర్కిడ్ అనగానే చాలామందికి పెళ్లి స్టేజీ మీది ఊదారంగు పూలే గుర్తొస్తాయి. అవి తోటల్లో పెంచే సంకర రకాలు. మన తూర్పు కనుమల్లో వాటంతట అవే పూసేవి వేరే ఉన్నాయి. వాటికోసం అనంతగిరి ఘాట్‌కి వెళ్దాం. వికారాబాద్ అనంతగిరి కాదు, విశాఖ నుంచి అరకు వెళ్లే దారిలోది.

1. ఏప్రిల్ మూడో వారం నుంచి మే చివరిలోపు ఒక రోజు చూసుకోండి. చెట్ల మీద ఉండేవి అప్పుడు పూస్తాయి. నేల మీద మొలిచే ఆర్కిడ్లు ఎక్కువగా వానలకు పూస్తాయి. వాటికి ఇంకో ట్రిప్ పెట్టుకోవాల్సిందే.

2. విశాఖ నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. చీకటితోనే బయల్దేరండి. రైలు ప్రయాణం బాగుంటుంది గానీ, చెట్టు కనపడ్డ చోట దిగలేం కదా! బైనాక్యులర్స్, నీళ్లు, బూట్లు తప్పనిసరి. రోడ్డు వదిలి అడవిలోకి వెళ్లాలంటే అటవీశాఖ అనుమతి అడగండి, ఊరివాళ్లలో ఒకరిని తోడు తీసుకెళ్లండి.

3. తల పైకెత్తి నడవండి. మొదటిసారి నేను పొద్దంతా నేల చూసుకుంటూ తిరిగి ఒట్టి చేతులతో వచ్చాను. వేసవిలో పూసేవి చెట్ల మీదే ఉంటాయి. ముసలి మామిడి, పనస చెట్ల బోదెలు, కొమ్మల పంగలు చూడండి. పువ్వును కాదు, ముందు మొక్కను వెతకాలి. బెరడును కరుచుకుని తెల్లటి తాళ్లలాంటి లావుపాటి వేళ్లుంటాయి. వాటిమీద నీళ్లు పడితే పచ్చబడతాయి.

చాలామంది దీన్ని చూసి బదనిక అనేస్తారు. బదనిక కొమ్మలోకి చొచ్చుకుపోయి చెట్టు రసం పీలుస్తుంది. ఆర్కిడ్ అలా కాదు. వాన నీళ్లు, మంచు తడి పట్టుకుని తన తిండి తానే వండుకుంటుంది. అద్దె కట్టదు గానీ ఇల్లు పాడుచేయదు!

4. ఇప్పుడు పువ్వు. దళసరి పట్టీల్లాంటి ఆకుల మధ్య నుంచి పూలగుత్తి తాడులా కిందికి వేలాడితే సింబిడియం కావచ్చు. తెలుపు, గులాబీ పూలు నక్కతోకలా ఒత్తుగా ఉంటే రింకోస్టైలిస్. అస్సాం రాష్ట్ర పుష్పం అదే. రేకులు లెక్కపెట్టండి. ఆరింటిలో ఒకటి తేడాగా ఉంటుంది. పురుగు వచ్చి వాలే అరుగు అదే.

5. మధ్యమధ్యలో ఆగి చెవులు రిక్కించండి. కొమ్మలు ఊగిన చోట బెట్లుడుత (పెద్ద అడవి ఉడుత) ఉండొచ్చు, ఈలలు వినపడితే కొండ గోరింకలు కావచ్చు. ఇప్పపూలు రాలిన చోటికి మాత్రం తెల్లవారుజామున ఒంటరిగా పోకండి. ఆ పూలంటే ఎలుగుబంటికి మహా ఇష్టం.

6. మొక్కను పీకొద్దు, కొనొద్దు. ఆర్కిడ్ విత్తనం దుమ్మంత సన్నం, అందులో నిల్వ తిండి దాదాపు ఉండదు. తగిన శిలీంధ్రం తోడైతేనే అడవిలో మొలకెత్తుతుంది. అంత కష్టపడి పెరిగిన మొక్కను కుండీలో పెడితే చాలాసార్లు చచ్చిపోతుంది. ఫొటో పెట్టేటప్పుడు లొకేషన్ తీసేయండి, పీక్కెళ్లేవాళ్లూ ఆ ఫొటోలు చూస్తారు.

ఎండ ముదిరితే పక్షులు సద్దుమణుగుతాయి, అప్పుడు వేడి కాఫీ తాగి కొండ దిగండి. ఊరికి చేరాక మీ మామిడితోపులో కూడా ఓసారి పైకి చూడండి. గోధుమరంగు గళ్ల పూల వాండా అనే ఆర్కిడ్ మైదానాల్లోనూ ఉంటుంది.