జూలైలో కోర్డోబా చూడబోతున్నారా? అక్కడి ఎండ వేళలు వేరు

రామగుండం, రెంటచింతల ఎండలే తట్టుకున్నాం, స్పెయిన్ ఎండెంత అనుకోకండి. 2021 ఆగస్టు 14న కోర్డోబా జిల్లాలోని లా రాంబ్లాలో 47.6 డిగ్రీలు నమోదైంది. వేసవి సెలవులకు అమ్మానాన్నల్ని తీసుకెళ్లేవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి.

మనవాళ్లు పొరబడేది వేళ దగ్గరే. మన ఊళ్లో నాలుగు దాటితే ఎండ తగ్గుముఖం పడుతుంది. అక్కడ వేసవిలో గడియారం సూర్యుడికంటే రెండు గంటలకు పైగా ముందుంటుంది. సూర్యుడు నడినెత్తికి వచ్చేది మధ్యాహ్నం రెండుంపావు దాటాకే. కాబట్టి సాయంత్రం ఐదారు గంటలకు ఎండ మండిపోతూ ఉంటుంది. కాస్త చల్లబడిందిలే అని ఆ వేళకు బయల్దేరారో, దెబ్బ తింటారు. మధ్యాహ్నం రెండు నుంచి ఎనిమిది దాకా గదిలోనే ఉండండి. చాలా దుకాణాలు కూడా మధ్యాహ్నం రెండు నుంచి సుమారు ఐదు దాకా మూసే ఉంటాయి.

మెస్కీతాకు పొద్దున్నే వెళ్లండి. 785 ప్రాంతంలో మొదటి అబ్ద్ అల్ రహ్మాన్ మొదలుపెట్టిన మసీదు అది. 1236లో నగరం క్రైస్తవ రాజుల చేతికొచ్చాక చర్చి అయింది, 16వ శతాబ్దంలో దాని నడుమే పెద్ద కెథడ్రల్ కట్టారు. లోపలికెళ్లగానే హడావుడిగా ఫోటోలు తీయకండి, కళ్లు చీకటికి అలవాటు పడనివ్వండి. స్తంభాలు ఒకదానికొకటి పోలవు. పాత రోమన్, విసిగోత్ (ముస్లింలకు ముందు స్పెయిన్‌ను ఏలినవాళ్లు) కట్టడాలవి తెచ్చి వాడారు మరి. అవి పొట్టివి కావడంతో పైకప్పును ఎత్తుగా లేపడానికి ఒక కమాను మీద ఇంకో కమాను వేశారు. ఆ జంట కమానుల అందమంతా ఆ అవసరంలోంచి పుట్టిందే. ఇది ఇప్పటికీ ప్రార్థనలు జరిగే చర్చి. మగవాళ్లు టోపీ తీసేయాలి, ఆదివారం పూజల వేళ సందర్శకులను ఆపుతారు. టికెట్ ముందే ఆన్‌లైన్‌లో కొనుక్కుంటే క్యూ టెన్షన్ ఉండదు.

మదీనా అసాహరాను అదే రోజు కలపొద్దు. 936 ప్రాంతంలో మూడో అబ్ద్ అల్ రహ్మాన్ కట్టించిన రాజనగరం, ఊరికి సుమారు 8 కిలోమీటర్లు. శిథిలాల్లో నీడ చాలా తక్కువ, నడక ఎక్కువ. సోమవారం సెలవు. గొడుగు, మనిషికి రెండు లీటర్ల నీళ్లు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు తప్పనిసరి. బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు ప్రయాణానికి ముందే డాక్టరును అడగాలి. ఎవరైనా మాట తడబడి, ఒళ్లు కాలిపోతుంటే ఆలస్యం చేయకుండా నీడకు చేర్చి, తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తూ 112కు ఫోన్ చేయండి.

యూదుల పేటలో సందులు గులకరాళ్లవి, చెప్పులు కాదు, బూట్లు వేసుకోండి. మెస్కీతా చుట్టూ రోజ్‌మేరీ రెమ్మ చేతిలో పెట్టి జాతకం చెబుతామనేవాళ్లుంటారు. తీసుకుంటే డబ్బులడుగుతారు, చేయి చాపకండి. రోమన్ వంతెన మీదికి రాత్రి తొమ్మిది దాటాక వెళ్లండి.

శాకాహారులకో మాట. సల్మోరేహో అని చల్లని టమాటా సూప్ ఆ ఎండకు ప్రాణం లేచొచ్చేలా ఉంటుంది, కానీ పైన పంది మాంసం, గుడ్డు చల్లుతారు. “సిన్ హమోన్, సిన్ వేవో” అని ఆర్డర్ ఇచ్చేటప్పుడే చెప్పండి.