ధర్మసంకటాన్ని తర్కంతో విప్పడం – 4వ పాఠం: ఒక్క వివరం మార్చి చూడండి

పోయిన పాఠంలో జరిగినదాన్నీ, దాని మీద మన అభిప్రాయాన్నీ విడదీయడం చూశాం. ఈసారి కథలో ఒకే ఒక్క వివరం మార్చి, మన తీర్పు నిలబడుతుందో లేదో చూద్దాం.

1884లో ఇంగ్లండ్ నుంచి సిడ్నీకి బయల్దేరిన మిన్యొనెట్ అనే చిన్న ఓడ జులై 5న నడిసముద్రంలో మునిగింది. కెప్టెన్ డడ్లీ, స్టీఫెన్స్, బ్రూక్స్, 17 ఏళ్ల కుర్రాడు పార్కర్ చిన్న పడవలోకి ఎక్కారు. చేతిలో ఉన్నవి రెండు టర్నిప్ డబ్బాలు. మంచినీళ్లు చుక్క లేవు. సముద్రపు నీళ్లు తాగి పార్కర్ సోలిపోయాడు. సుమారు 20వ రోజున, స్టీఫెన్స్ సరేనన్నాక, డడ్లీ అతన్ని చంపాడు. బ్రూక్స్ దానికి ఒప్పుకోలేదు గానీ ఆ మాంసం తినేటప్పుడు కాదనలేదు. నాలుగు రోజులకు జర్మన్ ఓడొకటి వచ్చి ముగ్గురినీ కాపాడింది.

"ఒకడు పోతే ముగ్గురు బతికారు కదా, తప్పేముంది?" అంటారా? అయితే పార్కర్ ఆరోగ్యంగానే ఉన్నాడనుకోండి. ఇప్పుడూ అదే మాట అనగలరా? నోరు రాకపోతే, మిమ్మల్ని ఒప్పించింది ముగ్గురన్న లెక్క కాదు, "ఎలాగూ పోయేవాడే" అన్న ఊహ. ఇలా అసలు కారణాన్ని బయటికి లాగడమే ఈ పాఠంలో నేర్చుకోవాల్సింది.

ఇంకోటి. చీట్లు వేసి ఉంటే? డడ్లీ ఆ మాట ఎత్తాడు, బ్రూక్స్ వద్దన్నాడు. కుర్రాడి చెవిన మాత్రం ఎవరూ వేయలేదు. నాకు డడ్లీ మీద జాలి లేకపోలేదు, కానీ ఇక్కడికొచ్చేసరికి అది ఆగిపోతుంది. ఎవరి ప్రాణానికి ఎంత విలువో ఏ కొలతతో తేలుస్తారని, ఈ హత్య కేసులో తీర్పు చెప్పిన జడ్జి కోల్‌రిడ్జ్ కూడా అడిగాడు. డడ్లీకీ, స్టీఫెన్స్‌కూ మరణశిక్ష వేశారు, తర్వాత దాన్ని ఆరు నెలల జైలుకు తగ్గించారు.

ఒకేసారి రెండు వివరాలు మార్చకండి. ఏది పనిచేసిందో తెలియదు.

అభ్యాసం: పాత ఐపీసీ 81వ సెక్షన్‌లో (ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 19) ఒక ఉదాహరణ ఉంది. తన తప్పేమీ లేకుండానే ఓ స్టీమర్ కెప్టెన్ 20, 30 మంది ఉన్న పడవను గుద్దబోతున్నాడు. దారి మళ్లిస్తే ఇద్దరున్న పడవకు ప్రమాదం, కానీ దాన్ని తప్పించుకుని వెళ్లే వీలూ ఉంది. ఆ ఇద్దరినీ గుద్దాలన్న ఉద్దేశం లేకుండా, ఎక్కువ మందిని కాపాడ్డానికే మళ్లించాడు. చట్టం అతన్ని నేరస్థుడు అనదు. ఇందులో "తప్పించుకునే వీలు" ఒక్కటీ తీసేసి, మీ తీర్పును కారణంతో సహా నోట్‌బుక్‌లో రాయండి. 5వ పాఠం ఆ కారణంతోనే మొదలవుతుంది.